బాలు గారి గురించి మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

శనివారం సాయంత్రం హన్మకొండ నక్కలగుట్టలో మా మేడ మీద ఓ పదిహేను మందిమి చేరి పాత సినిమా పాటలు పాడుకుంటాం. కాజీపేట నుంచి వచ్చే రిటైర్డ్ రైల్వే ఉద్యోగులు, కాకతీయ యూనివర్సిటీలో చదివే పిల్లలు, ఇంటి పని ముగించుకుని వచ్చే అక్కలు, అందరూ ఉంటారు. కొత్తగా వచ్చిన పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి గురించే. ఈ వారం ఒకరికి చెప్పిందే వచ్చే వారం ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

ఆయన పూర్తి పేరు ఏంటి? ఊరు ఏది?

శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టారు, కుటుంబం నెల్లూరులో స్థిరపడింది. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, తల్లి శకుంతలమ్మ. గాయని ఎస్పీ శైలజ ఆయన చెల్లెలు. భార్య సావిత్రి, పిల్లలు పల్లవి, చరణ్. నెల్లూరులోని ఇంటిని 2020లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందే, వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు.

అన్నా, నిజంగా సంగీతం నేర్చుకోలేదా ఆయన?

ఈ ప్రశ్న మా దగ్గర వారానికోసారైనా వస్తుంది. నిజమే, గురువు దగ్గర కూర్చొని శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు, ఆ మాట ఆయనే ఎన్నో వేదికల మీద చెప్పారు. కానీ దాన్ని పట్టుకుని "అయితే మనకూ అక్కర్లేదు" అనుకునే పిల్లలు ఒక సంగతి మర్చిపోతారు, ఆయన హరికథ చెప్పే ఇంట్లో పెరిగారు. హరికథ అంటే ఒక్క మనిషే పాడాలి, మాట్లాడాలి, ఏడవాలి, నవ్వించాలి, ఆ పాత్ర అయిపోయి మళ్ళీ క్షణంలో ఈ పాత్రలోకి రావాలి. చిన్నప్పటి నుంచి అది చూస్తూ వింటూ పెరిగిన పిల్లాడికి ఏమీ రాదని ఎలా అంటాం? స్వరాలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదేమో కానీ, పాట అంటే ఒక మనిషి మాట్లాడటమే అన్న సంగతి ఇంట్లోనే తెలిసిపోయింది.

శంకరాభరణం సంగతి చూడండి. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది, కె.విశ్వనాథ్ దర్శకుడు, కె.వి.మహదేవన్ సంగీతం. కథలో హీరో కర్ణాటక సంగీత విద్వాంసుడు, కాబట్టి ఆ పాటలకు మంగళంపల్లి బాలమురళీకృష్ణ లాంటి వాళ్ళు కావాలని ముందు అనుకున్నారు. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది, బాలుతో పాడిద్దామని పట్టుబట్టి, దగ్గర కూర్చొని ఒక్కో పాటా నేర్పించారు. బాలు గారు భయపడుతూనే ఒప్పుకున్నారు, ఆ సినిమాకే మొదటి జాతీయ అవార్డు వచ్చింది. అంటే సంగీతం రాకుండా పాడలేదు ఆయన, ఆ పాటకు ఎంత కావాలో అంతా ఆ పాట కోసమే నేర్చుకుని పాడారు. నేర్చుకోకపోవడం గొప్ప కాదు తమ్ముడూ, ముప్పై మూడేళ్ళ వయసులో, అప్పటికే పేరున్న గాయకుడై ఉండి, మళ్ళీ విద్యార్థిలా కూర్చోవడం గొప్ప.

సినిమాల్లోకి ఎలా వచ్చారు?

ఇంజనీర్ కావాలని అనంతపురంలో చేరారు, టైఫాయిడ్ వచ్చి ఆ చదువు ఆగిపోయింది, తర్వాత మద్రాసు వెళ్ళి ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ కోర్సులో చేరారు. చదువుకుంటూనే పోటీల్లో పాడేవారు. గూడూరులో ఒక పోటీలో రెండో బహుమతి ఇస్తే, అతిథిగా వచ్చిన ఎస్.జానకి గారు ఈ అబ్బాయికి మొదటిది రావాల్సిందని అక్కడే అన్నారు. 1964లో మద్రాసులో జరిగిన పోటీలో మొదటి బహుమతి వచ్చింది, అక్కడే సంగీత దర్శకుడు ఎస్పీ కోదండపాణి కళ్ళలో పడ్డారు. కోదండపాణి గారు ఆయన్ని వెంటబెట్టుకుని సంగీత దర్శకుల దగ్గరికి తిప్పారు, చివరికి తన సినిమాలోనే అవకాశం ఇచ్చారు. 1966 డిసెంబర్ 15న శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న సినిమాకు పాడిన పాట మొదటిది, సుశీల, పి.బి.శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్యలతో కలిసి. తర్వాత తను కట్టుకున్న రికార్డింగ్ థియేటర్‌కు కోదండపాణి గారి పేరే పెట్టుకున్నారు.

ఎంజీఆర్ ఆయన కోసం ఆగారంట కదా?

ఆగారు. అడిమైప్పెణ్ సినిమాకు ఎంజీఆర్ పాట పాడాల్సిన సమయానికి బాలుకు టైఫాయిడ్ వచ్చింది. సినిమావాళ్ళు ఇంకొకరితో పాడించేసుకుంటారని ఆయన ఆశ వదిలేసుకున్నారు. ఎంజీఆర్ మాత్రం, ఈ కుర్రాడు నా సినిమాకు పాడుతున్నానని ఊరంతా చెప్పుకుని ఉంటాడు, ఇప్పుడు వేరేవాళ్ళతో పాడిస్తే అతని మనసు ఎంత కష్టపడుతుంది అని, కోలుకునే వరకు పాట ఆపి ఉంచారు. 1969లో సినిమా వచ్చింది, ఆ ఒక్క పాటతో తమిళనాడు మొత్తానికి బాలు తెలిసిపోయారు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది, ఎందుకంటే కొత్తవాడి గురించి అంత ఆలోచించే పెద్దవాళ్ళు ఏ రంగంలోనైనా ఎంతమంది ఉంటారు?

ఒక్కో హీరోకి ఒక్కో గొంతు ఎలా వచ్చేది? అది మిమిక్రీయేనా?

మన ఊళ్ళో ఈ ప్రశ్న రావడం సహజం. నేరెళ్ల వేణుమాధవ్ గారు పుట్టిన ఊరు ఇది. హాలీవుడ్ సినిమాల సౌండ్ కూడా ఒక్క గొంతుతో వినిపించిన మనిషి. పబ్లిక్ గార్డెన్‌లో ఆయన పేరు మీద ఉన్న కళాప్రాంగణంలోనే మాలో చాలామందిమి మొదటిసారి స్టేజీ ఎక్కాం. ఇంకో సంగతి, నేరెళ్ల గారికీ బాలు గారికీ పద్మశ్రీ వచ్చింది ఒకే సంవత్సరం, 2001లో. అందుకని గొంతు మార్చడం అనగానే మాకు ముందు నేరెళ్ల గారే గుర్తొస్తారు.

కానీ రెండూ ఒకటి కావు. మిమిక్రీలో ఎదుటి గొంతు ఉన్నదున్నట్టు దిగాలి, విన్నవాడు కళ్ళు మూసుకుంటే ఆ మనిషే కనపడాలి. బాలు గారు చేసింది అది కాదు. అల్లు రామలింగయ్య గారికి పాడిన "ముత్యాలు వస్తావా" వినండి, అది అల్లు గొంతు కాదు, బాలు గొంతే. కానీ ఆ సాగదీయడం, మాట మధ్యలో ఆ నసుగుడు, నవ్వు లోపల దాచుకోవడం, ఇవన్నీ అల్లు గారి మొహంలో ఎక్కడెక్కడ పడతాయో చూసుకుని పెట్టినవి. ఎన్టీఆర్‌కి పాడితే మాట బరువుగా, నిండుగా ఉంటుంది. అక్కినేనికి పాడితే అదే బాలు మెత్తబడతారు. కృష్ణకి, శోభన్ బాబుకి, చిరంజీవికి, రాజేంద్రప్రసాద్‌కి, ఎవరి నడక వారిది.

నేను పిల్లలకు చెప్పేది ఏంటంటే, ఆయన పాడుతూ నటించారు. నటుడు అయ్యాక నటించడం కాదు, మైకు ముందు నిలబడ్డ మొదటి రోజు నుంచీ అదే పని చేశారు. అందుకే ఆయన పాటలు నేర్చుకునేటప్పుడు స్వరం పట్టుకుంటే సగమే వస్తుంది. ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అంటున్నారు అని అడిగితేనే మిగతా సగం వస్తుంది.

మరి నటుడిగా ఎప్పుడు మొదలుపెట్టారు?

మధ్యలో ఒక మెట్టు ఉంది, డబ్బింగ్. 1976 నాటి బాలచందర్ సినిమా తెలుగులో మన్మథ లీలగా వచ్చినప్పుడు కమల్ హాసన్‌కు గొంతు ఇచ్చారు, అప్పటి నుంచి తెలుగు ప్రేక్షకులకు కమల్ మాట అంటే బాలు మాటే. 2008లో దశావతారం తెలుగులో వచ్చినప్పుడు కమల్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు, అందులో ముసలావిడ పాత్ర కూడా ఉంది. అన్నమయ్యలో సుమన్ వేసిన వేంకటేశ్వరుడికి గొంతు ఆయనదే, దానికి నంది అవార్డు వచ్చింది. అటెన్‌బరో గాంధీ సినిమా తెలుగులో విన్నవాళ్ళకు గాంధీ మాట్లాడింది కూడా ఆ గొంతుతోనే.

ఇన్నేళ్ళు వేరేవాళ్ళ మొహాలకు మాట ఇచ్చిన మనిషి తన మొహంతో నటించడం పెద్ద కష్టమేం కాలేదు. 1989లో ప్రేమ సినిమాలో వెంకటేష్‌కు అండగా నిలిచే పెద్దమనిషిగా వేశారు. 1990లో వసంత్ తీసిన కేళడి కణ్మణిలో ఆయనే హీరో, రాధిక హీరోయిన్. తెలుగులో ఓ పాపా లాలి అని వచ్చింది. లావుగా, నడివయసులో ఉన్న విధురుడి పాత్ర, హీరో అంటే ఇలాగే ఉండాలని అందరూ అనుకునే రోజుల్లో. 1994లో ప్రేమికుడులో ప్రభుదేవాకు తండ్రిగా పోలీస్ కానిస్టేబుల్, మొహమాటం లేకుండా డాన్స్ కూడా చేశారు. 1996లో పవిత్ర బంధంలో వెంకటేష్ తండ్రి. మణిరత్నం సినిమాలో సీబీఐ ఆఫీసర్.

కానీ నన్నడిగితే అన్నిటికన్నా మిథునం. శ్రీరమణ గారి కథ, తనికెళ్ల భరణి దర్శకత్వం, 2012 డిసెంబర్‌లో వచ్చింది. సినిమా మొత్తం ఇద్దరే మనుషులు, అప్పదాసుగా బాలు, బుచ్చిలక్ష్మిగా లక్ష్మి. పిల్లలంతా దూరంగా ఎక్కడో ఉంటే, పెరటి తోటతో, వంటతో, చిన్న చిన్న తగాదాలతో గడిపే ముసలి జంట. మా దగ్గర ఎన్ని ఇళ్ళలో పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి ముసలివాళ్ళిద్దరే మిగిలారో లెక్కపెట్టలేం. మా వీధిలో ఒక పెద్దాయన ఆ సినిమా చూసి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పాట లేని చోట కూడా ఆయన మాటలో లయ ఉంటుంది అందులో, తిండి గురించి మాట్లాడుతున్నా పల్లవి ఎత్తుకున్నట్టే ఉంటుంది.

ఆయన నటిస్తే వేరేవాళ్ళు పాడిన సందర్భం ఉందా?

ఉంది. కన్నడంలో ముద్దిన మావ సినిమాలో బాలు గారు నటిస్తే ఆయనకు రాజ్‌కుమార్ పాడారు. కన్నడిగులకు రాజ్‌కుమార్ అంటే మనకు ఎన్టీఆర్ లాంటివారు, అలాంటి మనిషి తనకు ప్లేబ్యాక్ పాడటం జన్మలో మర్చిపోలేని అదృష్టంగా భావించేవారు. మిథునంలో కూడా ఒక పాట ఏసుదాసు గారిది.

ఆ ఊపిరి పీల్చకుండా పాడిన పాట నిజమేనా? మేము ప్రయత్నిస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

దయచేసి ప్రయత్నించకండి. కేళడి కణ్మణిలో, తెలుగులో "మాటే రాని చిన్నదాని"గా వచ్చిన పాట అది. చరణం మొత్తం ఊపిరి తీసుకోనట్టు వినపడేలా రికార్డింగ్‌లో చేశారు, మొత్తం ఒక్క ఊపిరిలో పాడటం మనిషికి సాధ్యం కాదని ఆయనే వివరించారు. కానీ అంత మాత్రాన ఆ పాట తక్కువైపోదు. ముక్కలు ఎక్కడ అతికాయో కనపడకుండా, భావం ఎక్కడా తెగకుండా పాడటం కూడా పెద్ద పనే.

మొత్తం ఎన్ని పాటలు పాడారు?

నలభై వేలకు పైగా అని చెబుతారు, పదహారు భాషల్లో. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, మలయాళం ఎక్కువ. 1981 ఫిబ్రవరి 8న బెంగళూరులో ఉపేంద్ర కుమార్ సంగీతంలో పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 21 కన్నడ పాటలు పాడారు. అంత పని ఉన్నా ఏ భాష పాటైనా సాహిత్యాన్ని తన చేత్తో తెలుగు లిపిలో రాసుకుని పాడేవారు. మా మేడ మీద ఫోన్ చూసి పాడటం లేదు, నోట్‌బుక్కే, కారణం ఇదే.

ఘంటసాల గొప్పా, బాలు గొప్పా?

మా బాపు, అంటే మా నాన్న, వరంగల్ ఆజం జాహి బట్టల మిల్లులో పనిచేసేవాడు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చి రేడియో పెట్టుకునేవాడు, ఘంటసాల తప్ప ఇంకొకరు పాడితే పాట కాదు ఆయనకు. బాలు పాట వస్తే "పిలగాడు బాగనే పాడుతుండు" అని ఊరుకునేవాడు. 1980లో మమ్మల్ని శంకరాభరణానికి తీసుకుపోయాడు, ఇంటికొచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు. అయినా ఘంటసాల గారిని విడిచిపెట్టలేదు, ఇద్దరినీ పెట్టుకున్నాడు. నేనూ అంతే. ఏకవీరలో ఇద్దరూ కలిసి "ప్రతి రాత్రి వసంత రాత్రి" పాడారు, పెద్దాయన గొంతు పక్కన కుర్ర గొంతు ఎంత భక్తిగా నడుస్తుందో వింటే, ఈ ప్రశ్న అడగాలని అనిపించదు.

హిందీలో ఎలా పాడగలిగారు?

ఏక్ దూజే కే లియే, 1981. దక్షిణాది గొంతు హిందీకి కుదరదని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్ ప్యారేలాల్ వెనకాడారు. బాలచందర్ గారు, నా హీరో హిందీ రాని తమిళ కుర్రాడే కదా, యాస ఉంటేనే బాగుంటుంది అన్నారు. పాటకు జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత 1989లో మైనే ప్యార్ కియా, 1994లో హమ్ ఆప్కే హై కౌన్, సల్మాన్ ఖాన్‌కు కొన్నేళ్ళు ఆయన గొంతే.

అవార్డులు?

ఆరు జాతీయ అవార్డులు. తెలుగులో శంకరాభరణం, సాగర సంగమం, రుద్రవీణ, ఇంకా హిందీ, కన్నడ, తమిళంలో ఒక్కోటి. పద్మశ్రీ 2001, పద్మభూషణ్ 2011, చనిపోయాక 2021లో పద్మవిభూషణ్.

గొంతు కోసం ఏం జాగ్రత్తలు తీసుకునేవారు?

చల్లనీళ్ళు, ఐస్‌క్రీమ్ మానలేదని నవ్వుతూ చెప్పేవారు. చాలా ఏళ్ళు సిగరెట్లు తాగి మానేశానని కూడా దాచకుండా చెప్పారు. దీన్ని చూసి మీరు మొదలుపెట్టొద్దు. ఆయన శరీరం ఆయనది, మన గొంతు మనది.

ఇళయరాజాతో గొడవ సంగతి ఏంటి?

ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందే స్నేహితులు వాళ్ళు. 2017లో బాలు గారు విదేశాల్లో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని ఇళయరాజా తరఫున లాయర్ నోటీసు వచ్చింది. బాలు గారు బాధపడ్డారు, కానీ చట్టాన్ని గౌరవిస్తాను, ఆ పాటలు పాడను అన్నారు, అభిమానుల్ని కూడా గొడవ చేయొద్దని కోరారు. 2019లో మళ్ళీ కలిసిపోయి ఒకే వేదిక ఎక్కారు. బాలు గారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బాలూ త్వరగా లేచి రా, నీ కోసం ఎదురు చూస్తున్నా అని ఇళయరాజా వీడియో పెట్టారు. ఎవరిది తప్పు అని మా దగ్గర పిల్లలు రెండు పార్టీలుగా వాదించుకుంటారు. పాట మీద హక్కు బాణీ కట్టిన వాడికి ఉండాల్సిందే అని నా అభిప్రాయం, కానీ ముందు ఒక ఫోన్ చేసి ఉంటే బాగుండేది.

"పాడుతా తీయగా"లో పలుకు మీద అంత పట్టుబట్టేవారు కదా, మన యాసతో పాడితే తప్పా?

దీనికి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇదే టెన్షన్. జనగామ, ములుగు, పరకాల, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలు నోరు విప్పడానికి భయపడతారు, మా మాట మోటుగా ఉంటుందని ఎవరో స్కూల్లో అని ఉంటారు.

1996లో ఈటీవీలో ఆ కార్యక్రమం మొదలైంది, ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి వాళ్ళు అందులోంచే వచ్చారు. ఇప్పుడు చరణ్ నడిపిస్తున్నారు. బాలు గారు పిల్లల్ని ఆపి సరిదిద్దింది ఏంటో జాగ్రత్తగా చూడండి. "ళ" రాసిన చోట "ల" అన్నావు, "ణ" రాసిన చోట "న" అన్నావు, "శ"కీ "ష"కీ తేడా వినపడలేదు, ఈ పదానికి అర్థం తెలిసే పాడావా. ఇది యాస గురించి కాదు. కోస్తా పిల్లలకూ ఇవే తప్పులు పడతాయి, ఆయన అందరినీ ఒకేలా ఆపారు.

యాస వేరు, అక్షరం వేరు. పాట రాసినవాడు ఏ అక్షరం పెట్టాడో అది పలకాలి. తెలంగాణ పలుకుబడిలో రాసిన పాటైతే ఆ పలుకుబడిలోనే పాడాలి, దాన్ని పుస్తకాల తెలుగులోకి మారిస్తే అదీ తప్పే. ఆయనకూ ఇది ఊరికే రాలేదు. మద్రాసులో మొదటి రోజుల్లో ఎం.ఎస్.విశ్వనాథన్ గారు, గొంతు బాగుంది కానీ నీ తమిళ ఉచ్చారణ బాగు చేసుకుని రా అని పంపేశారు. వెళ్ళి నేర్చుకుని వచ్చారు.

కాబట్టి మేడ మెట్లు ఎక్కుతూ "ఏం జేస్తున్రే" అనే పలకరించుకోండి. పాట అందుకున్నప్పుడు మాత్రం నోట్‌బుక్‌లో ఏముందో అది.

మన వైపు కవుల పాటలు ఆయన పాడారా?

సినారె పాటలు చాలా. వేములవాడ దగ్గర హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డి గారు, 1988 జ్ఞానపీఠ్ వచ్చింది ఆయనకే. స్వాతి కిరణంలో "సంగీత సాహిత్య సమలంకృతే" ఆయన రాసిందే, మహదేవన్ సంగీతం, పాడింది బాలు. మా బృందంలో కరీంనగర్ నుంచి వచ్చిన ఒక టీచరమ్మ ఆ పాట మొదలుపెడితే ఇంకెవరూ కలపరు, వింటారు.

చివరి రోజుల్లో ఏమైంది?

2020 ఆగస్టు 5న కరోనా వచ్చిందని ఆయనే వీడియోలో చెప్పారు, స్వల్పంగానే ఉంది, కంగారు పడకండి, ఫోన్లు చేయకండి అని. తర్వాత పరిస్థితి విషమించింది. వెంటిలేటర్ మీద వారాల తరబడి ఉన్నారు, మధ్యలో కోలుకుంటున్నారన్న ఆశ కూడా కలిగింది. సెప్టెంబర్ 25, శుక్రవారం మధ్యాహ్నం చెన్నైలో చనిపోయారు, 74 ఏళ్ళు. మర్నాడు తిరువళ్లూరు జిల్లా తామరైపాక్కంలోని ఆయన తోటలో ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు.

ఆ రోజు మా వీధిలో ఎవరూ ఎవరి ఇంటికీ పోయే పరిస్థితి లేదు. సాయంత్రం ఎదురింటి వాళ్ళు కిటికీ దగ్గర ఫోన్ పెట్టి పాట పెట్టారు, కాసేపటికి పక్కింట్లో ఇంకో పాట, ఆ తర్వాత మా ఇంట్లో. అన్నీ కలిసి ఏదీ సరిగా వినపడలేదు, అయినా ఎవరూ ఆపలేదు. మా శనివారాల ఆలోచన ఆ రాత్రే వచ్చింది, లాక్‌డౌన్ భయాలు పోయాక మొదలుపెట్టాం.

ఆయన పాటల్లో దేనితో మొదలుపెట్టాలి?

శంకరాభరణంతో మొదలుపెట్టొద్దు, అందరూ చేసే తప్పు అదే. పైస్థాయి అందక గొంతు చించుకుని నిరుత్సాహపడతారు. రుద్రవీణలో "చెప్పాలని ఉంది" తీసుకోండి. ముందు వారం పాడకుండా మామూలుగా మాట్లాడినట్టు చదవండి, ఇంట్లో అమ్మకో చెల్లికో వినిపించండి, వాళ్ళకు అర్థమైందో లేదో అడగండి. రెండో వారం రాగం కలపండి.

రావాలంటే ఏం చేయాలి?

శనివారం సాయంత్రం ఆరున్నర. ఫీజు ఏమీ లేదు, పాడటం రాకపోయినా ఫర్వాలేదు, వినడానికి కూడా మనుషులు కావాలి. జూన్ 4కి, సెప్టెంబర్ 25కి దగ్గరగా వచ్చే శనివారాలు బాలు గారి పాటలే ఉంటాయి. నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి.